మడ బురదలో నత్తలేరిన అమ్మ

ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు నత్తల్లో బతికే హానికర బ్యాక్టీరియా మీద. కృష్ణ సముద్రంలో కలిసేచోట, ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసిన బురదలో పెరిగే నత్తలు కావాలి. నన్నొక్కదాన్నే పంపడం ఇష్టంలేక, గొర్రెలను నాన్నకు అప్పజెప్పి అమ్మ కూడా బయల్దేరింది. నేరేడుచర్లలో షేర్ ఆటో ఎక్కింది మొదలు కోదాడలో బస్సు దొరికేదాకా ఒకటే అడిగింది, మన పొలాల్లో నత్తలు లేవా అని.

సముద్రం ఆటుకు నీళ్లు వెనక్కి తగ్గాక మడచెట్ల మధ్యకు దిగాం. గ్లవుజులు తొడుక్కుని నేను మోకాలిదాకా కూరుకుపోతుంటే, అమ్మ చీర ఎగ్గట్టి రెండు చేతులా ఏరేసింది. చిన్నప్పటి నుంచి వరిమళ్లలో చేసిన పనే. డబ్బా నిండబోతుండగా పగిలిన చిప్ప ఆమె వేలిని కోసింది.

అలాంటి నీళ్లలోని కొన్ని బ్యాక్టీరియా గాయంలోంచి దూరి ప్రాణం మీదికి తెస్తాయని చదివి ఉన్నాను. తాగే నీళ్లతో కడిగి దగ్గర్లోని దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరు కట్టుకట్టి, వాస్తే వెంటనే రమ్మన్నాడు. తిరుగు ప్రయాణమంతా కట్టు పైకెత్తి చూస్తూనే ఉన్నాను. కోదాడ వచ్చేసరికి అమ్మకు విసుగొచ్చింది.

"జర నిమ్మలంగ కూసో బిడ్డా. ఏలు గాడనే ఉంటది, యాడికి పోదు."

వారంలో గాయం మానింది.

ల్యాబులో సముద్రానికి దగ్గరి నత్తల బ్యాక్టీరియాను పెంచిన ప్లేట్ల నిండా పసుపు, ఆకుపచ్చ చుక్కలు మొలిచాయి. నదిలో కాస్త ఎగువన ఏరిన నత్తల్లో అవి తక్కువ. పోల్చడానికి తెచ్చిన మా పొలం నత్తల్లో ఆ రకాలు దాదాపు లేవు గానీ, వేరేవి బోలెడున్నాయి. నీటి ఉప్పదనం, వేడిని బట్టి లోపల బతికేవి మారతాయని ఫోన్లో ఫొటోలు చూపిస్తూ చెప్పాను. మా పొలం నత్తల ఫొటో దగ్గర అమ్మ ముఖం చిన్నబోయింది. కాసేపటికి తేరుకుంది.

"అందుకే గదా గంటసేపు ఉడకబెడ్తం."

ఇప్పుడు మిర్యాలగూడ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. బ్యాక్టీరియా పాఠం వచ్చినప్పుడల్లా ఆ బురదలో నాకంటే ముందు నడిచిన అమ్మ వీపే కళ్లముందు కదులుతుంది. పోయిన వానాకాలం పిల్లలకు చూపిద్దామని మా గట్ల వెంట అమ్మా నేనూ నత్తల కోసం సాయంత్రందాకా వెతికాం. పురుగుమందుల పుణ్యమా అని గుప్పెడే దొరికాయి. వాటిని నా సంచిలో వేయనివ్వలేదు అమ్మ. వంగి, ఒక్కొక్కటిగా మళ్లీ మడిలోనే వదిలింది.