తిరగేసిన టీషర్ట్

ఆక్లాండ్‌లో ఎక్కిన బస్సులో నా పక్కన కూర్చున్న న్యూజిలాండ్ తెల్ల పెద్దావిడ టీషర్ట్ తిరగేసి వేసుకుంది. కుట్లన్నీ బయటికే ఉన్నాయి. మెల్లగా చెప్పాను.

"తెలిసే వేసుకున్నాను," అంది కోపంగా. అంచు ఎత్తి లోపలి అక్షరాలు చూపించింది: 'తుపాకీ పట్టని మా మూలపురుషుడు'. బంధువులంతా కలుసుకునే రోజు కోసం అచ్చు వేయించారట. ఆయన క్వేకర్. ఆ మతంవాళ్లు యుద్ధం చెయ్యరు.

"పాత రికార్డులన్నీ నేనే వెతికాను. తుపాకీ పట్టలేదు, నిజమే. సైన్యం ఇక్కడి మూలవాసులు మావోరీల దగ్గర లాక్కున్న భూమిని మాత్రం చవగ్గా కొనుక్కున్నాడు. ఆ మాటంటే మావాళ్లు నన్ను నోరు మూసుకోమన్నారు. ఇవాళ అక్కడికి ఇలాగే వెళ్తాను. ఎందుకని అడగనీ!"

మా ముత్తాత కూడా ఎవరిమీదా చెయ్యెత్తి ఎరగడని ఇంట్లో గొప్పగా చెబుతారు. ఆవిడ మాటలు గుర్తొచ్చి మొన్న ఫోన్లో నాన్నను అడిగాను, "మరి మన పొలం అంతకుముందు ఎవరిది?"

నాన్న ఫోన్ పెట్టేశాడు. ఒళ్లు మండింది. మళ్లీ చేశాను.