కోటలకు తలంటు

చదువుకోడానికి వెళ్లిన పరదేశంలో, ఏజాక్స్ అనే ఊళ్లో బేస్‌మెంట్ గది దొరకడమే గగనమైన రోజులవి. ఏ కాలేజీ చూసినా మన పిల్లలతో కిటకిటలాడేది. మా గది ఉన్న ఇంటికి ఓనరు, రష్యా నుంచి వచ్చిన పెద్దావిడ. భర్త పోయాక పైన ఒక్కరే ఉండేవారు. ఆవిడకు కోపం వస్తే మేం రోడ్డు మీదే.

శ్రావణ శుక్రవారం వచ్చింది. మా ఇంట్లో బంగారం పెట్టకుండా లక్ష్మీపూజ చేయరు. నా చెవులకేమో గిల్టు పోగులు. మెట్ల మీద మొహం వేలాడేసుకుని కూర్చుంటే పెద్దావిడ కారణం అడిగి, లోపలికి వెళ్లి ఒక బంగారు నాణెం తెచ్చి చేతిలో పెట్టారు. దాని మీద రష్యాలోని పాత కోటలు చెక్కి ఉన్నాయి. ఆ కోటల గుర్తుగా కొన్నే ముద్రించారట. గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో అద్దంలా మెరుస్తోంది. "సాయంత్రానికి ఇచ్చెయ్" అన్నారంతే. డబ్బా తెరవొద్దని చెప్పలేదు. తెరిచే మనుషులు ఉంటారని ఆవిడకు తోచి ఉండదు.

నా రూమ్మేట్ గుంటూరమ్మాయి ఊరుకోలేదు. "డబ్బాలో ఉన్న లక్ష్మికి పూజేంటే? బయటకి తియ్యి. అభిషేకం చెయ్యొద్దూ!"

తీశాం. పాలు పోశాం, పసుపు రాశాం, కుంకుమ పెట్టాం. పూజయ్యాక చూస్తే బురుజుల సందుల్లో పసుపు ఇరుక్కుంది. అడిగి తెచ్చుకున్న వస్తువు శుభ్రంగా ఇవ్వాలిగా! గాజులు తోమినట్టే, కుంకుడు రసం తీసి పాత టూత్‌బ్రష్‌తో పరపరా తోమేశాను. తుడిచి చూస్తే అద్దం మెరుపు లేదు. కోటల వెనక ఆకాశం నిండా గీతలే.

"ఆగవే, గూగుల్ చేస్తా" అని గుంటూరమ్మాయి ఫోన్ తీసింది. అలాంటి నాణేన్ని ఒట్టి వేలితో కూడా ముట్టుకోకూడదట. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "అమ్మవారే చూసుకుంటుందిలే" అని ధైర్యం చెబుతూనే అది సూట్‌కేస్ సర్దడం మొదలుపెట్టింది.

సాయంత్రం పళ్లెంలో పులిహోర, పక్కన నాణెం పెట్టుకుని పైకి వెళ్లాను. సిగ్గుతో ఏడ్చేశాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని నాణెం చేతిలోకి తీసుకున్నారు.

"మా ఆయన నన్ను ఒక్కసారి కూడా దీన్ని ముట్టుకోనివ్వలేదు" అన్నారు.

తర్వాత మధ్యలో ఉన్న కోటను బొటనవేలితో మెల్లగా తడిమారు. అది ఆవిడ పుట్టిన ఊరి కోటట. చిన్నప్పుడు ఆ గోడ పక్కనే ఆడుకునేవారట.

"ఆ గోడ ఎన్నడూ అంత మెరవలేదు. ఇప్పుడే మా ఊరిదిలా ఉంది."

మా గది మాకు నిలిచింది. మరుసటి శ్రావణానికి ఆవిడే కిందికి దిగి వచ్చారు. చేతిలో డబ్బా లేదు. గౌను జేబులోంచి నాణెం తీసి, "బ్రష్ ఎక్కడ?" అన్నారు.