మా అత్త తొక్కిన నడుములు

మా అత్త నెదెల్కా ఎదురుకాళ్ళతో పుట్టింది. అందుకే ఈ రొడోపీ కొండల్లో ఎవరికి నడుం పట్టేసినా మా ద్రాక్ష పందిరి కిందికి వచ్చి బోర్లా పడుకునేవారు. అత్త ఉన్ని మేజోళ్ళతో ఎక్కి తొక్కేది. డబ్బు ముట్టేది కాదు. జున్ను తెస్తే మాత్రం వాసన చూసి మరీ తీసుకునేది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో పొగాకు కోతలప్పుడే ఈ తిరనాళ్ళు. తెల్లవారకముందే చేలో వంగిన ఊరు ఎండెక్కేదాకా నడుం ఎత్తేది కాదు. ఇప్పుడు పొగాకు పోయింది. నడుం నొప్పి పోలేదు సరికదా, ఏడాది పొడుగునా తిష్ఠ వేసింది. బస్సు డ్రైవర్లు, కుట్టుమిషను ఆడవాళ్ళు, పట్నంలో కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలు, అందరూ వస్తున్నారు. అప్పట్లో అది పెద్దవాళ్ళ జబ్బు. ఇప్పుడు మూతిమీద మీసం రానివాడికి కూడా!

దీనికి ఒక్కటే కట్టుబాటు. తొక్కేవాళ్ళకు నడుం నొప్పి ఉండకూడదు. ఉంటే అది కిందున్నవాడికి అంటుకుంటుందని ఊరి నమ్మకం. అత్తకు నొప్పంటేనే తెలియదని అందరం అనుకునేవాళ్ళం.

మొన్న ఆదివారం బస్సు నడిపే గాంచో పడుకున్నాడు. పక్కన బల్ల నిండా వంతు కోసం కూర్చున్న జనం. అత్త ఒక కాలు ఎత్తింది. అంతే, అలాగే వంగిపోయి పందిరి గుంజ పట్టుకుంది.

"ఎక్కవేం అవ్వా?" అన్నాడు గాంచో కిందనుంచి.

"నా నడుం పట్టేసిందిరా," అంది అత్త, అందరూ వినేలా.

బల్ల మీద గుసగుసలు. ఇద్దరు లేచి చెప్పులు వెతుక్కున్నారు. జనం రావడం మానేస్తే అత్త బెంగతోనే పోతుంది.

"ఆగండర్రా!" అంది అత్త గుంజ వదలకుండానే. "పొగాకు మీరు వంగి కోస్తే నేనేమన్నా పడుకుని కోశానా? ఇన్నేళ్ళూ ఈ నొప్పితోనే తొక్కాను. ఎవడికి అంటుకుందో చెప్పండి!"

"నాకైతే వచ్చినప్పుడల్లా తగ్గింది మరి," అన్నాడు గాంచో. లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు.

"నువ్వు లేవరా, నేను పడుకోవాలి. ఏమే కోడలా, ఎక్కు."

"నేనా? అందరిలా తల ముందుగానే పుట్టాను కదత్తా!"

"ఎలా పుడితేనేం? నా మీదెక్కి తొక్కాలని ఎన్నేళ్ళుగా కాచుక్కూర్చున్నావో నాకు తెలీదూ?"

అందరూ గొల్లున నవ్వారు. నేను చెప్పులు విడిచి పాదం మోపాను. ఆ నడుం చెక్కలా బిగిసి ఉంది. నిన్న మొన్నటి నొప్పి కాదది. ఒకే ఇంట్లో ఉన్నాం, ఒక్కనాడూ అబ్బా అని ఎరగదు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడుస్తావేంటే, గట్టిగా తొక్కు. అవతల జనం కూర్చునున్నారు, కనబడట్లా?"