కళావరు కిటికీ

మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత గుడి లేదు. అమెరికాలో ప్లెయిన్స్‌బరో దగ్గర ఒక పాత రాతి చర్చిలో, తెల్లవాళ్ళ ఆరాధన ముగిశాక మధ్యాహ్నం మా ఆరాధన. వాళ్ళ కాఫీ వాసన పోకముందే మా బిర్యానీ ట్రేలు దిగుతాయి.

గోతిక్ పద్ధతిలో కట్టిన గుడి అది. ఎక్కడ చూసినా రాతి రేకులే. బల్లల చివర నాలుగు రేకులు, గుడి కట్టించిన వంశంవారి గుర్తుగా చెక్కిన డాలు మీద అయిదు రేకుల పువ్వు. నాలుగు రేకులవి ఖరీదైన హ్యాండ్‌బ్యాగుల మీది డిజైనని మా ఆడవాళ్ళు ఇట్టే గుర్తుపట్టి ఫోటోలు దిగారు. మగవాళ్ళు డాలు ముందు ఛాతీ విరుచుకుని దిగారు. ఒకాయనైతే తన ఇంటిపేరుతో ఆన్‌లైన్‌లో అలాంటి డాలు తెప్పించుకుని హాల్లో తగిలించాడు. దాని మీద పువ్వుతోపాటు సింహం కూడా ఉంది. కృష్ణా జిల్లాలో ఆయన తాతలకు సింహం ఎక్కడ తగిలిందో నాకు తెలియదు.

అసలు కిటికీ పీఠం వెనక గోడలో ఉంది. మూడు గుండ్రటి రేకులు, కింద పొట్టి రాతి కాడ, నడుమ నీలం గాజు. మధ్యాహ్నం ఎండ అందులోంచి దిగి సరిగ్గా పెళ్ళికూతురు నిలబడే చోట పడుతుంది. జూన్‌లో మా అమ్మాయి పెళ్ళి. హాలు, మెనూ, నా చెల్లెళ్ళు ఎంచిన చీర, అన్నిటికీ అది తల ఊపింది.

"అమ్మా, నాకు ఆ లైట్‌లో నించోవాలి. ఇంకేం వద్దు," అంది. అది నన్ను అడిగింది ఈ ఒక్కటే.

మా సంఘ పెద్దను అందరం అన్నయ్యగారంటాం. సినిమా చూడరు, రెండో కప్పు టీ తాగరు, జన్మలో పేకముక్క ముట్టలేదని వీలు దొరికినప్పుడల్లా సాక్ష్యం చెబుతారు. ఒక ఆదివారం ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి పైకి చూసి ఆగిపోయారు.

"ఇదేందమ్మా, కళావరు. అందులోనూ ఆసు. దేవుని మందిరంలో పేకాట గుర్తా," అన్నారు.

ఆయన అన్నాక నాకూ కళావరే కనిపించడం మొదలైంది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. మరుసటి ఆదివారానికల్లా కిటికీకి మెరూన్ గుడ్డ వేలాడింది. అవి ఈస్టర్ ముందు ఉపవాసాల శ్రమకాలం రోజులు కావడంతో తెల్లవాళ్ళ పాస్టరు అది మా భక్తి అనుకుని మెచ్చుకున్నారు. ఈస్టర్ వెళ్ళిపోయినా గుడ్డ దిగలేదు.

నేను పట్టుబట్టి కమిటీ మీటింగ్ పెట్టించాను. మా అమ్మాయి ఫోన్‌లో యూరప్ గుళ్ళ బొమ్మలు చూపించింది.

"అంకుల్, దీన్ని ట్రెఫాయిల్ అంటారు. మూడు రేకులు అంటే ట్రినిటీ. కార్డ్స్‌కి లింక్ లేదు."

"త్రిత్వానికి కాడెందుకమ్మా?" అన్నారాయన.

మా పాస్టరుగారు దగ్గారు. కాడ గురించి ఆయన చదువులో ఎవరూ చెప్పినట్టు లేదు. మా అమ్మాయి ఫోన్ మూసి తల దించుకుంది. దాని కళ్ళలో నీళ్ళు చూసి నాకు అన్నయ్యగారిని అక్కడే కడిగెయ్యాలనిపించింది. ఆయన మాత్రం ఊపు మీదున్నారు.

"మీకు తెలవదు. రమ్మీలో అవతలోడు షో కొట్టేటప్పటికి ఆసు చేతిలో మిగిలిందా, కొంప మునిగినట్టే. చివరిదాకా ఆశ పెడతది, పారెయ్యనివ్వదు. అట్టాంటి దాని కింద ఆడపిల్లని నిలబెడతారా?"

అందరికీ టీ పోస్తున్న ఆయన భార్య, మా వదినగారు, చెయ్యి ఆపారు.

"ఏమండీ, ముక్క ముట్టని మీకు ఇయన్నీ ఎట్టా తెలుసు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నేనే అయ్యుంటాను.

"ఎవరో చెప్పుకుంటుంటే విన్నాలే," అన్నారాయన.

"మన పెళ్ళైన ఏడు, మా నాన్న పెట్టిన బంగారు గాజులు. బస్సులో ఎవరో కొట్టేశారని చెప్పారుగా."

ఆయన కప్పులోకి చూశారు. ఆవిడ మిగిలినవాళ్ళకు టీ పోసి కెటిల్ బల్ల మీద పెట్టారు.

గుడ్డ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ వారమే దించేశారు. మా అమ్మాయి కోరుకున్న వెలుగులోనే నిలబడింది. నేను గెలిచాను, సంతోషించాను కూడా, అబద్ధమెందుకు. వదినగారు ఆ రోజు వేరేవాళ్ళ కారులో వచ్చి నా పక్కన కూర్చున్నారు. కష్టంలోనూ సుఖంలోనూ అని పాస్టరుగారు ప్రమాణం చదివిస్తుంటే, ఆవిడ తన వట్టి మణికట్టు రుద్దుకుంటూ చివరిదాకా విన్నారు.