శాంతమ్మ బాగుచేసిన ట్రెమోలో

మా ఆదోని చర్చిలో మిషన్ దొరలు వెళ్ళిపోతూ వదిలేసిన గిటారు యాంప్లిఫయరు ఒకటి ఉండేది. పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచే పెట్టె. ట్రెమోలో మీట తిప్పితే గిటారు శబ్దం పెరుగుతూ తగ్గుతూ వణికేది. 1978 క్రిస్మస్ దగ్గరపడుతుంటే ఆ వణుకు ఆగిపోయింది. గిటారు వాయించేది నేను. "ఆడలేక మద్దెల ఓడంటాండాడు" అని సంఘపెద్ద చిన్నప్ప అందరి ముందూ నన్ను ఎగతాళి చేశాడు. నాకు ఒళ్ళు మండింది.

శాంతమ్మ మోటార్ల వైండింగ్ షాపులో పనిచేస్తూ రేడియోల పని సొంతంగా నేర్చుకున్న మనిషి. ఎవరికీ జంకదు. షాపుకు సెలవని ఆదివారమే వచ్చి పెట్టె విప్పేది. ఆరోజు ట్రెమోలో భేషుగ్గా వణికేది. బుధవారం సాయంత్రం మేం పాటలు సాధన చేయబోతే మళ్ళీ చచ్చేది. మూడు ఆదివారాలు ఇదే తంతు.

"ఆడమనిషి సెయ్యి పడి సెడింది. బెంగళూరుకు పంపిస్తాం" అన్నాడు చిన్నప్ప.

"పంపితే ఈ ఊర్లో ఇంగ నాకు ఒక్క రేడియో గూడా ఎవురూ ఇయ్యరు. బుధవారం నేనే వచ్చి సూస్తా. అంతవరకు దాన్ని ముట్టొద్దన్నా" అంది శాంతమ్మ.

బుధవారం ఆరింటికి మీటరుతో వచ్చింది. గోడమీది బల్బు ఎర్రగా గుడ్డిగా వెలుగుతోంది. ప్లగ్గులో మీటరు పెడితే రెండొందల ముప్పై వోల్టులు ఉండాల్సిన చోట నూట డెబ్బై. బయట పత్తి మిల్లుల హోరు.

"ఆదివారం మిల్లులు బందు, కరెంటు నిండుగా వస్తాది. మనం సూసిందంతా ఆదివారమే! థూ, నా బుద్ధి కాల!" అని నెత్తి కొట్టుకుంది.

వణుకు పుట్టించే వాల్వుకు ఆ తక్కువ కరెంటులో బలం చాలడం లేదు. ప్లగ్గు పీకి, పెద్ద కండెన్సర్లలో నిలిచిన కరెంటును ఖాళీ చేసి, ఆ వాల్వు దగ్గర ఎండిపోయిన కండెన్సరునూ రెండు రెసిస్టర్లనూ మార్చింది. మిల్లులు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. తీగ మీటాను. వణికింది! నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"బాగుందిమ్మా. పండగనాడు మాత్రం బెంగళూరోడు సేసినాడని సెప్తాం. నువ్వంటే జనం నమ్మరు" అన్నాడు చిన్నప్ప.

శాంతమ్మ స్విచ్చి ఆపి, వేడిగా ఉన్న ఆ వాల్వును కొంగుతో పట్టుకుని పీకి సంచిలో వేసుకుంది. "అయితే ఆ బెంగళూరోణ్ణే పిలుసుకోపో అన్నా."

క్రిస్మస్ సాయంత్రం మొదటి పాటకు ముందు చిన్నప్ప మైకు దగ్గరకొచ్చి గొంతు సవరించుకున్నాడు. "ట్రెమోలో మన శాంతమ్మ బాగుసేసింది" అని గొణిగాడు.

"గట్టిగా సెప్పన్నా. ఎనక కూకున్నోళ్ళకు ఇనపల్యా" అంది వెనక వరసలోంచి శాంతమ్మ.

చిన్నప్ప మళ్ళీ చెప్పాడు, గట్టిగా. అప్పుడు శాంతమ్మ లేచొచ్చి సంచిలోంచి వాల్వు తీసి పెట్టింది.