ఉరుకుందమ్మ వేళ్లకు తెలిసిన సంగతి

విత్తనాలు వేసే గొర్రు వెనక నడుస్తూ ఉరుకుందమ్మ విత్తిన చేనును ఓర్వకల్లు గుట్టల మీదినుంచి చూస్తే, నూనె రాసి దువ్విన తలలా కనబడేదని చెప్పుకుంటారు. ఒక ఏడు ఆమె విత్తిన కొర్ర చేలో దిగిన కాకి, సాలు తప్పిన గింజ ఒక్కటీ దొరక్క, అలిగి పక్క ఊరికి కాపురం మార్చిందట. కాకి సంగతి ఎట్లున్నా, వేళ్ల సంగతి మాత్రం నిజం. గొర్రు మీదుండే చెక్క గిన్నెలోకి ఆమె పిడికిట్లోంచి గింజలు జారుతుంటే, ఆమె చూపు ముందు నడిచే ఎద్దు మీదే ఉండేది.

"ఎద్దును చూడాల. చేతిని చూసుకుంటే సాలు తప్పుతాది" అనేది.

వేళ్ల తర్వాత ఆమె గొప్పగా చెప్పుకునేది తాళంచెవి గురించి. ఊళ్లో ఆడవాళ్లు పొదుపు సంఘం పెట్టుకున్న కొత్తల్లో మూడు తాళాల ఇనప్పెట్టె ఒకటి చేయించారు. ఒక చెవి అధ్యక్షురాలు ఓబులమ్మది. రెండోది కిరాణా అంగడి ప్రమీలమ్మది. మూడోది ఉరుకుందమ్మ బొడ్లో ఉండేది. ముగ్గురూ కూర్చుంటే గానీ పెట్టె తెరుచుకోదు. ఒకరు తాళం తీస్తుంటే మిగతా ఇద్దరూ గోడకేసి తిరగాలి. ఎందుకు తిరగాలో ఎవరికీ తెలియదు గానీ, తిరగకపోతే జరిమానా వేసేవారు. మొగుడు హనుమన్న ఒకసారి సరదాకి ఆ చెవి అడిగితే, "తాళిబొట్టు కావాలంటే తీసుకో, అది మాత్రం అడగొద్దు" అన్న మనిషి ఆమె.

రెండువేల ఎనిమిదిలో సంఘానికి కంప్యూటర్ వచ్చింది. పెట్టెలోని డబ్బు బ్యాంకు ఖాతాలోకి పోయింది. ఇక్కడినుంచే ఎవరి ఖాతాకైనా పంపొచ్చని చెప్పి, నేర్పడానికి కర్నూలులోని బ్యాంకు పెద్దాఫీసు నుంచి ప్రదీప్‌కుమార్ అనే కుర్ర ఉద్యోగి మోటారు సైకిలు మీద వచ్చాడు.

"పాస్‌వర్డ్ అంటే తాళంచెవి లాంటిదమ్మా. ఒక్కరికే తెలియాల. ఇంకెవరికీ చెప్పగూడదు" అన్నాడు.

"ఒక్కరికే తెలిస్తే అది సంఘమెట్లయితాదప్పా?" అంది ఓబులమ్మ. "నేను రేపు బావిలో పడితే?"

"మీరు పడరులేమ్మా."

"పడనులే. ప్రమీలమ్మ తోస్తే?"

ప్రమీలమ్మ నవ్వింది గానీ కాదనలేదు. ప్రదీప్‌కుమార్ ఒక పూటంతా వాదించి చివరికి తలవంచాడు. పాస్‌వర్డును మూడు ముక్కలు చేశారు. ముందు ఓబులమ్మ తన ముక్క కొట్టాలి, తర్వాత ప్రమీలమ్మ, చివర ఉరుకుందమ్మ. ఒకరు కొడుతుంటే ఇద్దరూ గోడకేసి తిరగాలి. నేర్పడానికి వచ్చినవాణ్ణి కూడా గోడకేసి తిప్పారు.

ఓబులమ్మకూ ప్రమీలమ్మకూ అక్షరాలు వచ్చు. ఉరుకుందమ్మకు రావు. ఆమె కీబోర్డు ముందు కూర్చుని తనకు నచ్చినచోటల్లా వేలు ఆనించి, ఆ నడకనే మళ్లీ మళ్లీ నడిపించింది. సాయంత్రానికి వేళ్లు దారి పట్టుకున్నాయి. ఏ అక్షరం నొక్కుతున్నదో ఆమెకే తెలియదు.

ఆ మరుసటేడు ఆమె మనవరాలు శ్రావణికి కర్నూలులో నర్సింగు సీటు వచ్చింది. ఆ ఇంట్లో ఊరి బడి దాటి చదివిన మొదటి పిల్ల. ఫీజు కాలేజీ ఖాతాలో పడడానికి ఆఖరు రోజు శుక్రవారం. సంఘం అప్పు మంజూరు చేసింది. డబ్బు దూరం పంపడం ఇదే మొదటిసారి కాబట్టి, మధ్యాహ్నం ప్రదీప్‌కుమార్ వచ్చి పక్కనుంటానన్నాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం కావస్తుండగా ప్రమీలమ్మ అంగట్లోంచి కేక వచ్చింది. "ఉరుకుందమ్మక్కా, నీకు ఫోను. పెద్దాఫీసు నుంచంట."

ఉరుకుందమ్మ రొట్టెలు చేస్తున్న పిండి చేతులతోనే పోయి ఫోను అందుకుంది. అవతల మెత్తటి గొంతు.

"మేడం, మీ సంఘం ఖాతా ఆగిపోయింది. ఇవాళ ఒక్క రూపాయి కూడా బయటికి పోదు. పాస్‌వర్డ్ చెబితే నేను సరిచేస్తాను. ఓబులమ్మ మేడం తన ముక్క చెప్పారు. ప్రమీలమ్మ మేడం కూడా చెప్పారు. ఇక మీదే మిగిలింది."

ఉరుకుందమ్మకు శ్రావణి ఫీజు గుర్తొచ్చింది. ఇవాళ పోకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ప్రమీలమ్మ వైపు చూసింది. ప్రమీలమ్మ మర్యాద తప్పకుండా బియ్యం మూటల వైపు తిరిగి రెండు చెవులూ మూసుకుంది.

"చెప్తానప్పా, ఎందుకు చెప్పను. రాసుకో" అంది ఉరుకుందమ్మ. బల్ల మీద పిండి వేళ్లు ఆనించి నడిపించింది. "ఇదో, ఈడ ఒకటి. ఇట్ల కిందికి. మళ్లా ఈ పక్కకు."

"ఏ అక్షరం మేడం?"

"నాకేం తెలుసప్పా?"

"పోనీ, చూడ్డానికి ఎట్లుంటుంది?"

"నేను చూడను. చూస్తే తప్పుతాది."

"మేడం, పైవరసా, కిందివరసా? అదైనా చెప్పండి."

"కూసుంటే వస్తాదప్పా, చెప్తే రాదు. నువ్వు యాడుండావు?"

"అదెందుకు మేడం?"

"బస్సెక్కి రా. నీ వేలు పట్టుకోని ఆడ పెడతా. రొట్టెలు కాలుస్తాండా, తినిపోదువు. చింతకాయ తొక్కు కూడా ఉండాది."

"నేను రాలేను మేడం."

"అట్లయితే నేనే వస్తా. మీ ఊరికి యాడ దిగాల?"

ఫోను టక్కున పెట్టేశాడు. ఉరుకుందమ్మ "హలో, అప్పా, హలో" అంటూ ఉత్త ఫోనును బతిమాలింది. చదువు లేక తను ఒక్కతే చెప్పలేకపోయింది, పిల్ల సీటు పోయింది అనుకుని కళ్లు తుడుచుకుంటే చెంపలకు పిండి అంటింది. ఆ మొహంతోనే సంఘం ఆఫీసుకు పరుగెత్తింది. చెవులు వదిలేసి ప్రమీలమ్మ వెనకే వచ్చింది.

అప్పటికే ప్రదీప్‌కుమార్ వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఉరుకుందమ్మ ఏడుస్తూ జరిగింది చెప్పేసరికి కుర్చీలోంచి లేచాడు.

"మా ఆఫీసులో ఎవరూ అట్ల అడగరు పెద్దమ్మా. వాడు దొంగ. మీలో ఇంకెవరన్నా చెప్పినారా?"

"చెప్పినా. నాది ఒక్క ముక్కే కదప్పా" అంది ఓబులమ్మ, ఏమాత్రం తొణక్కుండా. "ఒక చెవితో పెట్టె తెరుచుకుంటాదా? మిగతావి వాళ్లనడగమని అంగడి నెంబరు గూడా ఇచ్చినా."

"నేనూ అంతే అనుకున్యా" అంది ప్రమీలమ్మ. "ఇంకా ఉరుకుందమ్మక్కది ఉండాది కదా అని."

ప్రదీప్‌కుమార్ తల పట్టుకున్నాడు. కంప్యూటర్ తెర మీద ఎర్రటి వాక్యం ఒకటి వెలుగుతోంది. ఎవరో మూడో ముక్కను ఊహించి కొట్టి చూశారు. ఇంకొక్కసారి తప్పు పడితే ఖాతా మూతపడుతుంది, సోమవారం దాకా తెరవరు.

"ఒకే అవకాశముండాది. మీరు సరిగ్గా కొడితే వెంటనే పాస్‌వర్డ్ మారుద్దాం. ఫీజు పోతాది" అన్నాడు. "తప్పితే పోదు."

ఓబులమ్మ తన ముక్క కొట్టింది. ప్రమీలమ్మ కొట్టింది. ఉరుకుందమ్మ చేతులు చీర కొంగుకు తుడుచుకుని కూర్చుంది. ఈసారి తప్పకూడదని తల వంచి చేతిని చూసుకుంది. అంతే, అన్ని మీటలూ ఒకటే మాదిరి కనబడ్డాయి. ఏది ఎక్కడో తెలియలేదు.

"రావడంల్యా" అంది.

గోడకేసి తిరిగిన ఓబులమ్మ వెనక్కి చూడకుండానే అంది. "చేతిని చూసుకుంటాండావా ఏమే? ఎద్దును చూడు."

"ఈడ ఎద్దు యాడిదే?"

"ఏదో ఒకటి చూడు. బయట సారు బండి ఉండాది కదా, దాన్ని చూడు."

ఉరుకుందమ్మ తలెత్తి కిటికీలోంచి మోటారు సైకిలును చూసింది. దుమ్ము కొట్టుకుని, ఒక పక్కకు ఒరిగి, దున్ని దున్ని అలిసిన ఎద్దులాగే నిలబడింది. దాన్ని చూస్తూ ఊపిరి తీసుకుంది. వేళ్లు వాటి పాటికవి ఒక సాలు పోయి వచ్చాయి.

ఎర్ర వాక్యం మాయమైంది. ప్రదీప్‌కుమార్ గోడ దగ్గరినుంచి తిరిగి చూసి, కుర్చీ లాక్కున్నాడు. ముందు పాస్‌వర్డ్ మార్పించాడు. తర్వాత ఫీజు పంపించాడు.

"పోయిందా?" అని అడిగింది ఉరుకుందమ్మ.

"పోయింది పెద్దమ్మా. సీటు మీ పిల్లదే."

అప్పుడు గానీ ఆమె చెంపల మీది పిండి తుడుచుకోలేదు.

అయితే ప్రదీప్‌కుమార్ ఊరికే వదల్లేదు. ముక్క చెప్పినా మొత్తం చెప్పినా ఒకటేనని, ఈసారి వేళ్లు కాపాడాయి గానీ ప్రతిసారీ కాపాడవని ముగ్గురినీ నిలబెట్టి చెప్పాడు. నిజమేనని ఒప్పుకుని, ఎవరికి వాళ్లే జరిమానా వేసుకున్నారు.

పొద్దు వాలేసరికి మాత్రం కథ మారిపోయింది. "వాడు ఊపిరి తీసిన తీరుతోనే దొంగని కనిపెట్టినా. కావాలనే ఆటాడించినా" అని ఉరుకుందమ్మ రచ్చకట్ట మీద కూర్చుని చెప్పింది. వినేవాళ్లలో ఓబులమ్మ, ప్రమీలమ్మ కూడా ఉన్నారు. ఇద్దరూ అవునంటూ తలలూపారు.

అప్పటినుంచి ఆ ఊళ్లో ఎవరికి ఫోను వచ్చి ఏ గుట్టు అడిగినా జవాబు ఒకటే. "బస్సెక్కి రా అప్పా, రొట్టె పెడతాం." హాస్టల్లో ఉన్న శ్రావణి కూడా అదే చెబుతుందట. కర్నూలు బస్సు రోజూ ఆ ఊళ్లో ఆగుతూనే ఉంది. రొట్టె తినడానికి ఇంతవరకూ ఒక్కడూ దిగలేదు.