బర్మా కోడలి పెళ్లికి రుజువు

1968లో నన్ను రాయచూరు జిల్లా స్పెషల్ బ్రాంచిలో సబ్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. అది దొంగలను పట్టే పని కాదు. సభలకు వెళ్లి ఎవరేం మాట్లాడారో రాసుకురావాలి, జిల్లాలో ఉన్న విదేశీయుల మీద విచారణలు చేయాలి. సముద్రం మొహం చూడని జిల్లాలో విదేశీయులెక్కడివారని మా ఇంట్లో నవ్వేవాళ్లు.

వాళ్లు బర్మా నుంచి వచ్చారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవులో ఓడలెక్కి తరాలుగా మనవాళ్లు బంగాళాఖాతం దాటి వెళ్లేవారు. అందుకే రంగూన్‌లో వాళ్లకు కోరంగీలనే పేరు పడింది. అక్కడి వడ్లమిల్లుల్లో మూటలు మోసింది వాళ్లే. సైనిక ప్రభుత్వం వచ్చి దుకాణాలు, మిల్లులు జాతీయం చేశాక చాలామంది కట్టుబట్టలతో తిరుగు ఓడ ఎక్కారు.

అలా వచ్చిన ఒకతను రంగూన్‌లో పెళ్లాడిన మా ఖిన్ అనే బర్మా అమ్మాయిని వెంట తెచ్చుకున్నాడు. ఆడవాళ్ల పేరు ముందు ‘మా’ అని చేర్చడం అక్కడి మర్యాద. సొంతూళ్లో పని దొరక్క, తల్లి సూరమ్మను కూడా తీసుకుని మా జిల్లా మాన్వి తాలూకాలో తుంగభద్ర కాలువ కింద ఒక క్యాంపుకు నాట్ల పనికి చేరాడు. క్యాంపంటే కోస్తా రైతులు వచ్చి కట్టుకున్న ఊరు. అక్కడే జ్వరమొచ్చి పోయాడు.

మా ఖిన్ బర్మా పౌరురాలు. భారతీయుడి భార్యగా ఆమెకు ఇక్కడ ఉండే పర్మిట్ ఏటా పొడిగిస్తూ ఉండేవారు. మొగుడు పోయాక ఆ విచారణ నా నెత్తిన పడింది. పెళ్లి రుజువు కాకపోతే దేశం విడిచి పొమ్మని నోటీసివ్వాలి. బర్మాలో ఆమెకు నా అన్నవాళ్లెవరూ మిగల్లేదు.

సర్టిఫికెట్ లేదు, ఫోటో లేదు. ఎరిగినవాళ్లంతా సముద్రం అవతలే ఉండిపోయారు. ఆమె మెడలో తాళి ఎన్నడూ చూడలేదని క్యాంపు పెద్ద చెప్పాడు. తమ దేశంలో తాళీ పురోహితుడూ అక్కర్లేదని, నలుగురి ఎదుట కలిసి కాపురం చేస్తే అదే పెళ్లని మా ఖిన్ వచ్చీరాని తెలుగులో చెప్పింది. అది నిజమే. ఈ కథ పైకి పంపితే మనల్ని చూసి నవ్వుతారని మా ఇన్‌స్పెక్టరు కాగితం తిప్పికొట్టాడు. మళ్లీ ఆ ఎండలో క్యాంపుకు పోతుంటే ఈ ఉద్యోగం మీదే విసుగు పుట్టింది.

మిగిలింది సూరమ్మ. కోడలితో ఆమెకు పొసగదని, బర్మావాళ్లు కూరల్లో వేసే పులిసిన చేపల ముద్ద వాసన పడక పొయ్యి కూడా వేరు పెట్టించిందని విన్నాను. ఆశ లేకుండానే అడిగాను.

"వీళ్ల పెండ్లి నువ్వు చూసినవా అమ్మా? చూడకుంటే ఈమె నీ కోడలని ఎట్ల రాయాలె?"

"నేను చూడలేదండి," అంది సూరమ్మ. "నా కొడుకు పోయిన పదో రోజున దాని గాజులు నా చేత్తో నేనే పగలగొట్టానండి. పెళ్ళాం కానిదానికి గాజులెందుకు పగలగొడతారండీ?"

క్యాంపు పెద్ద అది తాను చూశానన్నాడు. సాక్షులుగా ఇద్దరు పంచుల సంతకాలతో వాంగ్మూలం రాసుకున్నాను.

మా ఖిన్ ఏడ్చింది. కొడుకును పొట్టనబెట్టుకుందన్న కోపంతో అత్త ఆ రోజు తన చేతులు పట్టుకుని గాజులు విరగ్గొట్టిందనే ఇన్నాళ్లూ అనుకుందట. అది భార్యకే చేసే తంతని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పర్మిట్ ఒక ఏడాదికి పొడిగించారు. ఆ తర్వాత కూడా ఏటా ఆమె రాయచూరు వచ్చి మా ఆఫీసు వరండాలో కూర్చునేది. ఏ ఒడ్డున జరిగిన పెళ్లికైనా సర్కారు తన ఒడ్డున చెల్లే గుర్తులే అడుగుతుందని ఆ కేసులో తెలుసుకున్నాను. ఆమె కాపురాన్ని మేం నమ్మలేదు. వైధవ్యాన్ని వెంటనే నమ్మాం.